ముక్క చేసే పని

మాంసంతో పాటు పాలు, పెరుగు, నెయ్యి కూడా మానేసినవాళ్ళు మన దగ్గర ఎక్కువ ఇబ్బంది పడేది శాకాహార విందులోనే. పప్పులోకి నెయ్యి, ఆవడకు పెరుగు, పరమాన్నానికి పాలు, చివర్న మజ్జిగ. అవి తీసేస్తే విస్తరి సగం ఖాళీ. అదే గోంగూర మాంసం చూడండి, చేపల పులుసు చూడండి. నూనె, ఉల్లిపాయలు, అల్లం వెల్లుల్లి, ధనియాలు, ఎండుకొబ్బరి, గసగసాలు, చింతపండు. ముక్క ఒక్కటి పక్కన పెడితే తక్కినదంతా చెట్టూ చేమా ఇచ్చిందే. మన మాంసం కూరలు వీగన్ వంటకు ఇంత దగ్గరగా ఉన్న సంగతి మనం పెద్దగా పట్టించుకోలేదు.

"మానేసినదాని రుచి మళ్ళీ ఎందుకు నీకు?" అని మా వదిన అడుగుతూ ఉంటుంది. నేను మాంసం మానింది ప్రాణం తీయడం ఇష్టంలేక. ఆ మసాలా మీద, ఆదివారం మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ కలిసి తినే ఆ కూర మీద నాకు ఏనాడూ విరక్తి లేదు. వదులుకోవాల్సినది ఒక్కటే అయినప్పుడు దాంతోపాటు వంటంతా ఎందుకు వదులుకోవాలి?

అయితే ముక్క తీసి ఆ స్థానంలో ఏదో ఒకటి పడేస్తే కూర కుదరదు. ఆ కూరలో ముక్క ఏం పని చేస్తోందో ముందు తెలుసుకోవాలి. 2016లో అమెరికాలో ఇంపాజిబుల్ బర్గర్ వచ్చింది. సోయా వేళ్ళలో ఉండే, హీమ్ అనే పదార్థాన్ని పట్టి ఉంచే ప్రొటీన్‌ను ఈస్ట్ ద్వారా తయారుచేసి అందులో కలిపారు. పచ్చి మాంసపు రంగూ, నెత్తుటి వాసనా దానివల్లే. బర్గర్‌లో ఉన్నదే మాంసం కాబట్టి అక్కడ ఆ శ్రమకు అర్థం ఉంది. మనం మాత్రం మాంసాన్ని ఉప్పూ పసుపూ వేసి కడిగి, నీచు పోయేదాకా వేయించి, మసాలాలో ఉడికిస్తాం. ఏ వాసన పోగొట్టడానికి ఇంత పాటుపడతామో దాన్ని డబ్బిచ్చి కొనుక్కోవడం దేనికి? ఫ్రిజ్‌లో పెట్టి అమ్మే మాంసం లాంటి ప్యాకెట్లు మన కూరలకు అక్కర్లేదని నా గట్టి నమ్మకం.

గోంగూర మాంసమే తీసుకుందాం. మాంసంలోని కొవ్వు కరిగి గోంగూర పులుపును అదుపులో పెడుతుంది. కండ మధ్య పొరలు ఉడికి ఇగురుకు జిగి వస్తుంది. పంటి కింద పీచు తగులుతుంది. లేత పనసకాయ చేయగలిగిన పని వీటిలో పీచు ఒక్కటే. చాలామంది అక్కడితో ఆగిపోయి, కూర చప్పగా ఉందని పనసను తప్పుపడతారు. కొవ్వు పనీ జిగి పనీ వేరే ఎవరికో అప్పగించాలి కదా.

గింజ ఇంకా గట్టిపడని కాయ కావాలి. కత్తికీ చేతులకూ నూనె రాసుకోకపోతే పనస పాలు ఒక పట్టాన వదలవు. పెద్ద ముక్కలుగా కోసి, ఉప్పు పసుపు నీళ్ళలో కత్తిమొన సులువుగా దిగేదాకా ఉడికించి, వార్చి, అరచేతుల మధ్య మెల్లగా నొక్కి నీరు తీయాలి. ఆ తర్వాత వెడల్పాటి మూకుడులో వేరుశనగ నూనె వేసి, ముక్కలు ఒకదాని మీద ఒకటి పడకుండా పరిచి కదపకుండా వదిలేయాలి. పీచు విడిన అంచులు ముందు బంగారు రంగుకు వస్తాయి, తర్వాత ఎర్రబడి కరకరలాడతాయి. వేయించిన మాంసంలో మనకు నచ్చే కమ్మదనంలో చాలా భాగం ఇలా ఎర్రబడటం నుంచి వచ్చేదే. దీన్ని తొందరగా ముగిస్తే తర్వాత ఎంత మసాలా వేసినా దిద్దుకోలేం.

ఇగురుకు గసగసాలు, ఎండుకొబ్బరి, నాలుగు జీడిపప్పులు నూరిన ముద్ద. మాంసపు కొవ్వుకూ జిగికీ బదులుగా నిలబడేది అదే. గోంగూరను విడిగా నూనెలో మగ్గిస్తాను. ఆకు నూనెలో పడీ పడగానే పచ్చదనం పోయి మట్టిరంగుకు తిరుగుతుంది. పనస పూర్తిగా మెత్తబడ్డాకే దాన్ని కలపాలి. చింతపండు వేశాక కందిపప్పు ఉడకదని మనకు తెలిసిందే. గోంగూర పులుపు తగిలిన పనస ముక్క కూడా అక్కడే బిగుసుకుపోతుంది. ఎర్ర కాడ గోంగూరకు పులుపెక్కువ కాబట్టి నూరిన ముద్ద ఇంకో చెంచా పడుతుంది. పొద్దున వండి రాత్రికి తింటే ముక్కకు ఉప్పూ కారం పట్టి ఇంకా బాగుంటుంది.

పనసకు ఈ మర్యాద మనం కొత్తగా ఇస్తున్నది కాదు. గోదావరి జిల్లాల పెళ్ళిభోజనాల్లో పనసకాయ బిర్యానీకి ఉన్న గిరాకీ అక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. తెలంగాణ పల్లెల్లో వానలు పడ్డాక పుట్టకొక్కులు దొరికితే వాటికీ మాంసం మసాలాయే.

చేపల పులుసుకు కూర అరటికాయ. ఏటవాలుగా మందంగా తరిగి, ఉప్పూ కారం పసుపూ పట్టించి, పెనం మీద రెండు వైపులా కాల్చి, మెంతిపొడి వేసి మరిగించిన చింతపండు పులుసులో చివర్న జారవిడవాలి. గరిటె పెట్టకూడదు. గిన్నెను రెండు చేతులతో పట్టుకుని గుండ్రంగా తిప్పాలి. మా అమ్మ కొరమీను ముక్కలు చిదరకుండా అలాగే తిప్పేది. చేప వాసన రాదు. రావాలని నేనూ కోరుకోను.

హలీమ్ దగ్గర లెక్క మారుతుంది. అందులో నెయ్యి ఉంది. 2010లో హైదరాబాదీ హలీమ్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు మాంసం హలీమ్‌కే చెందుతుంది, చెందాలి కూడా. కానీ ఆ గిన్నెలో ఒళ్ళంతా గోధుమది, పప్పులది. రాత్రంతా నానబెట్టిన గోధుమలను, మినప్పప్పు, శనగపప్పులతో కలిపి విచ్చిపోయేదాకా ఉడికించి, షాజీరా, చలవ మిరియాలతో విడిగా ఉడికిన పనసను చేర్చి, కట్టె ఘోట్నీతో దంచుతూ పోతే పీచు పీచుగా విడిపోయి ముద్దలో కలిసిపోతుంది. నెయ్యి స్థానంలో ఉల్లిపాయలు ఎర్రగా వేయించిన నూనె, జీడిపప్పు ముద్ద. భుజం నొప్పెట్టేదాకా దంచాల్సిందే, మిక్సీ పనికిరాదు. మిక్సీలో పీచు తెగి హలీమ్ కాస్తా జావ అవుతుంది.

ఒక్క విషయం మాత్రం దాచకుండా చెప్పాలి. పనస నాలుకను ఒప్పిస్తుందిగానీ ఒంటికి మాంసం అంత ఇవ్వలేదు. 100 గ్రాముల మాంసంలో 20 గ్రాములకు అటూ ఇటూగా ప్రొటీన్ ఉంటే లేత పనసలో 2, 3 గ్రాములకు మించదు. అందుకే గోంగూర పనస చేసిన పూట పక్కన ఉడికించిన శనగలో బొబ్బర్లో ఉంటాయి. పొడి మీల్ మేకర్‌లో 100 గ్రాములకు దాదాపు 50 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, కాకపోతే వేడినీళ్ళలో నానబెట్టి రెండు మూడుసార్లు గట్టిగా పిండితేగానీ సోయా వాసన పోదు. బి12 మాత్రం ఈ వంటల్లో దేంట్లోనూ చాలినంత దొరకదు. పాలు కూడా మానేసినవాళ్ళు డాక్టర్ని అడిగి మాత్ర వేసుకోవాలి.

భోజనానికి ఎవరినైనా పిలిచినప్పుడు వడ్డించే ముందే ఇది పనస అని చెబుతాను. తిన్నాక చెప్పి ఆశ్చర్యపరచడం కొందరికి సరదా, నాకు నచ్చదు. తినేవాళ్ళకు పళ్ళెంలో ఏముందో తెలియాలి. జీడిపప్పు పడనివాళ్ళుంటే ఇగురులోకి నువ్వులు నూరతాను, గోధుమ పడనివాళ్ళుంటే ఆ పూట హలీమ్ జోలికి పోను.