భయం వేలు ఎటు చూపిస్తుంది?

దెయ్యాల కథలు చదవడానికి పెద్ద ధైర్యం అక్కర్లేదు. చదువుతామని నలుగురిలో చెప్పుకోవడానికే కావాలి. ఇక్కడ బ్రిటన్‌లో మన తెలుగువాళ్ళం పుస్తకాల గురించి మాట్లాడుకోవడానికి కూర్చున్నప్పుడు "ఈమధ్య ఏం చదివారండీ?" అని అడిగి చూడండి. చలం, కొడవటిగంటి, రావిశాస్త్రి పేర్లు గడగడా వచ్చేస్తాయి. భోజనాల వేళ, ప్లేట్లు చేతిలోకి వచ్చాక, ఎవరో గొంతు తగ్గించి కదిపితే తప్ప 'తులసిదళం' పేరు బయటికి రాదు. వచ్చిందంటే మాత్రం ఇక ఆపలేం. ఒకాయన దుప్పటి ముసుగులో టార్చిలైటు పెట్టుకుని చదివానంటారు. ఒకావిడ అది చదివాక నెలరోజులపాటు చీకటిపడితే పెరట్లోకి ఒంటరిగా వెళ్ళలేదంటారు. మిగతా పుస్తకాల గురించి అభిప్రాయాలు చెప్పినవాళ్ళే దీని గురించి అనుభవాలు చెబుతారు. ఇంతమందికి ఇంతకాలం ఒంట్లో మిగిలిపోయిన సాహిత్యాన్ని గురించి మనం సరిగ్గా మాట్లాడుకోలేదని నాకెప్పుడూ అనిపిస్తుంది.

ఈ మొహమాటం ఇంగ్లీషువాళ్ళకి అంతగా లేదు. డికెన్స్ 1843లో రాసిన 'ఎ క్రిస్మస్ కారల్' దెయ్యాల కథే కదా! ఎం.ఆర్. జేమ్స్ అనే ఆయన కేంబ్రిడ్జ్‌లో పెద్ద పండితుడు. పాత రాతప్రతుల విషయంలో ఆయన మాటకి తిరుగులేదు. కింగ్స్ కాలేజీకి ప్రొవోస్ట్‌గా కూడా పనిచేశాడు. అంతటి మనిషి క్రిస్మస్ ముందురోజు రాత్రి స్నేహితుల్ని తన గదిలో కూర్చోబెట్టుకుని, తాను రాసిన దెయ్యం కథ చదివి వినిపించేవాడు. 1904లో అచ్చయిన ఆయన మొదటి సంపుటిలో కొన్ని కథలు అలా విన్నవాళ్ళ మధ్య నిగ్గుదేలినవే. 1970లలో బీబీసీ వాళ్ళు అదే ఆనవాయితీని టీవీకి తెచ్చి, క్రిస్మస్ రోజుల్లో ఏటా ఒక దెయ్యం కథ వేశారు.

మనకి ఇటువంటి ఆనవాయితీ లేదా అంటే, లేకేం? కరెంటు పోయిన రాత్రి అరుగుమీద కూర్చుని చెప్పుకున్న కొరివిదెయ్యాలూ, ఊరిచివర చింతచెట్టూ మనవే. చందమామలో నెలనెలా శవాన్ని భుజాన వేసుకుని శ్మశానంలో నడిచే విక్రమార్కుడి బొమ్మ చూస్తూనే మనలో చాలామంది పెరిగారు. ఆ బొమ్మ చూసి జడుసుకున్న పిల్లలు తక్కువ. చూపు అంతా బేతాళుడు చివర్లో అడగబోయే ప్రశ్న మీద ఉండేది. తప్పు ఎవరిది? గొప్ప ఎవరిది? శవం నోట న్యాయాన్యాయాల ప్రశ్న పలికించడం మన కథకులకి ఎప్పటినుంచో తెలిసిన విద్య. ఆ సంగతి కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరమవుతుంది.

ఇక తులసిదళం. యండమూరి వీరేంద్రనాథ్ నవల, ఎనభైల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. నగరంలో చదువుకున్న ఉద్యోగి, ఆయన భార్య, వాళ్ళకి తులసి అనే చిన్నపిల్ల. ఆ పిల్ల బతికుంటే ఒక పెద్దమొత్తం ఆమెదవుతుంది, చనిపోతే ఇంకొకరికి పోతుంది. ఆ డబ్బు కోసం పసిపిల్ల మీద కాష్మోరా అనే క్షుద్రశక్తిని ప్రయోగిస్తారు. ఒకవైపు డాక్టర్లు, ఇంకోవైపు మంత్రాలు. వారంవారం పత్రిక కోసం జనం ఎదురుచూశారు. దాని మీద రంగనాయకమ్మగారు 'తులసిదళం కాదు గంజాయి దమ్ము' అని ఏకంగా ఒక పుస్తకమే రాశారు. మూఢనమ్మకాలకి సైన్సు ముసుగు వేసి జనానికి అమ్ముతున్నారన్నది ఆవిడ ఆరోపణల సారం. నవలని మెచ్చేవాళ్ళు దానికి చెప్పే జవాబు ఎప్పుడూ ఒకటే: కథని కథలా చూడాలి.

అప్పటినుంచీ మన చర్చ ఆ రెండు గట్ల మధ్యే కొట్టుకుంటోంది. ఒకరు "చేతబడి ఉందా, లేదా?" అని నిలదీస్తారు. లేనిదాన్ని ఉన్నట్టు రాయడం నేరమంటారు. ఆ లెక్కన డికెన్స్‌నీ, బేతాళుణ్ణీ కూడా బోనెక్కించాలి. రెండోవారు "కథే కదండీ" అని చేతులు దులుపుకుంటారు. ఆ మాట కేంబ్రిడ్జ్‌లో చలిమంట పక్కన చెల్లినంత తేలిగ్గా మన ఊళ్ళలో చెల్లదు. ఎందుకు చెల్లదో చెప్పాలంటే కొంచెం చరిత్ర తవ్వాలి.

ఇంగ్లండులో 1612లో పెండిల్ కొండ ప్రాంతంనుంచి పట్టుకెళ్ళినవాళ్ళలో చాలామందిని, మంత్రగత్తెలని తీర్మానించి లాంకాస్టర్‌లో ఉరితీశారు. 1682లో బిడెఫర్డ్ అనే ఊరి ముగ్గురు ఆడవాళ్ళని ఎక్సెటర్‌లో ఉరితీశారు. ఈ దేశంలో అలాంటి ఉరుల్లో చివరివాటిలో అదొకటి. 1735 నాటి చట్టంతో అసలు మంత్రగత్తె అన్న నేరమే పోయింది. మహిమలున్నాయని చెప్పుకుని జనాన్ని మోసంచేస్తే మాత్రం శిక్ష అన్నారు. ఇప్పుడు మాంచెస్టర్‌నుంచి పెండిల్ వైపు, బర్న్‌లీకి వెళ్ళే బస్సు సర్వీసు పేరు 'విచ్ వే'. మూడొందల ఏళ్ళు గడిచాయి కనక ఉరికంబం బస్సు పేరయింది. జేమ్స్ పండితుడు చలిమంట పక్కన దెయ్యం కథ చదివిన రోజుల్లో, అది విని బయటికి వెళ్ళి పొరుగింటి ముసలమ్మని రాళ్ళతో కొట్టేవాళ్ళు ఎవరూ ఆ గదిలో లేరు.

మన దగ్గర సంగతి అది కాదు. బాణామతి చేశారన్న అనుమానంతో మనిషిని చంపిన వార్త తెలంగాణ పల్లెలనుంచి ఇప్పటికీ వస్తూనే ఉంటుంది. మంత్రం నోట పలక్కూడదని పళ్ళూడగొట్టిన వార్తలు మనమంతా చదివినవే. దేశంలో హత్యలకి కారణాలు లెక్కగట్టే జాతీయ నేరనమోదు సంస్థ పట్టికల్లో చేతబడికి నేటికీ విడిగా ఒక గడి ఉంది. అలాగని ఇక్కడ అంతా తేటతెల్లమైపోయిందని గర్వపడే పనీ లేదు. 2000లో లండన్‌లో విక్టోరియా క్లింబీ అనే ఎనిమిదేళ్ళ పిల్లని, పెంచడానికి తెచ్చుకున్నవాళ్ళే చిత్రహింసలుపెట్టి చంపారు. ఆ పిల్లకి దెయ్యం పట్టిందన్న మాట కూడా ఆ ఇంట తిరిగిందని తర్వాత జరిగిన విచారణలో తేలింది. నవలలో చేతబడికి బలయ్యేది పసిపిల్ల. బయట లోకంలో దెయ్యం పేరు మోసేదీ ఒక్కోసారి పసిపిల్లే.

నేను చేసే ఉద్యోగంలో అర్ధరాత్రి సిస్టమ్ పడిపోతే ఫోన్లు మోగుతాయి. అప్పుడు కొందరు అడిగే మొదటి ప్రశ్న "ఏం జరిగింది?" కాదు, "ఎవరు చేశారు?" కారణం తెలియని నష్టాన్ని మనిషి ఎక్కువసేపు ఓర్చుకోలేడు. ఒక పేరు కావాలి. పేరు దొరికితే భయం సగం తగ్గుతుంది. బిడ్డకి జ్వరం తగ్గకపోయినా, గేదె పాలివ్వకపోయినా ఊరికి కావలసిందీ అదే. అందుకని దెయ్యం కథ చదివినప్పుడల్లా నేను బేతాళుడి ప్రశ్న వేసుకుంటాను. ఈ కథలో భయం ఎవరివైపు వేలు చూపిస్తోంది? చేతబడి నిజమా కాదా అన్న ప్రశ్న కన్నా ఇది నాకు ఎక్కువ పనికొచ్చింది.

ఈ ప్రశ్నతో తులసిదళాన్ని మళ్ళీ చదివితే నవలలో రెండు వేళ్ళు కనిపిస్తాయి. మొదటిది డబ్బుకి ఆశపడిన మర్యాదస్తులవైపు చూపిస్తుంది. పిల్ల ప్రాణానికి ధర కట్టింది వాళ్ళే. నవలలో అసలు భయంకరమైనది, నా మటుకు నాకు, ఈ లెక్కే. కాష్మోరా పేరెత్తకపోయినా అది వెన్నులో చలి పుట్టిస్తుంది. రెండో వేలు నాగరికతకి దూరంగా ఎక్కడో మారుమూలనుంచి వచ్చే మంత్రగాడివైపు చూపిస్తుంది. పుస్తకం మూసేశాక మనకి గుర్తుండేది రెండోవాడే. రచయిత పట్టు అంతా, ఆ ఒడుపంతా అక్కడే ఖర్చయింది. రంగనాయకమ్మగారి కోపంలో నేను ఒప్పుకునే భాగం ఇక్కడుంది. నగరవాసి చదువరికి తెలియని మనిషినీ, తెలియని ఊరినీ చూపించి భయపెట్టడం తేలిక. ఆ తెలియని ఊళ్ళో నిజంగానే మనుషులుంటారు, అనుమానం వచ్చినప్పుడు దెబ్బలు తినేది వాళ్ళే.

ఇది యండమూరి ఒక్కరి సంగతే అనుకోకండి. డబ్ల్యు.డబ్ల్యు. జేకబ్స్ 1902లో అచ్చువేసిన 'ది మంకీస్ పా' ఈ దేశంలో చాలామందికి తెలిసిన కథ. ఎండిన కోతిచెయ్యి మూడు కోరికలు తీరుస్తుంది. మొదటి కోరికకి ఫలితంగా వచ్చిన డబ్బు, మిల్లు యంత్రంలో పడి నలిగిపోయిన కొడుకు ప్రాణానికి పరిహారం. తరవాత ఒక రాత్రి తలుపు చప్పుడవుతుంది. అవతల ఏముందో రచయిత మనకి చూపించడు. ఇంత చిన్న కథలో అంత నిబ్బరం అరుదు. అయితే ఆ కోతిచెయ్యి ఎక్కడిది? ఇండియానుంచి వచ్చింది, దానికి మంత్రం వేసింది మన ఫకీరు! తులసిదళం చదివే హైదరాబాదు ఉద్యోగికి మారుమూల పల్లె మంత్రగాడు ఏమవుతాడో, లండన్ పాఠకుడికి మనం అదే అయ్యామన్నమాట. ఇక్కడ ఉంటూ ఈ కథ చదివితే, వేలికి అవతలి కొసన నిలబడితే ఎలా ఉంటుందో మనకి కొంచెం తెలిసొస్తుంది.

కిప్లింగ్ 'ఫాంటమ్ రిక్షా' ఇంకా ఘాటైన ఉదాహరణ. సిమ్లాలో ఒక దొర తాను వదిలేసిన స్త్రీని చనిపోయాక కూడా చూస్తుంటాడు, రిక్షాతో సహా. ఆ రిక్షా లాగే నలుగురు అన్నదమ్ములూ కలరాతో చనిపోయినవాళ్ళే. చచ్చాక కూడా వాళ్ళకి కూలిపని తప్పలేదు! కిప్లింగ్ ఆ మాట దాటుకుంటూ వెళ్ళిపోతాడు. నాకు ఆ కథలో దొరసానికన్నా ఆ నలుగురే ఎక్కువ వెంటాడతారు.

తలుపు చప్పుడు అనగానే మనకి గుర్తొచ్చేది 'ఓ స్త్రీ రేపు రా'. తొంభైలలో మన ఊళ్ళలో ఇంటింటి తలుపు మీదా బొగ్గుతోనో సుద్దతోనో రాసుకున్న ఆ మాటని ఎవరూ సాహిత్యమనరు గానీ, నాలుగు మాటల్లో ఇంత పెద్ద భయానక కథ ఇంకొకటి లేదు. ఆ వచ్చేది ఎవరు, ఎందుకు చనిపోయింది, ఎవరివల్ల? అడిగినవాళ్ళు లేరు. స్త్రీ అంటే చాలు. సూసన్ హిల్ 1983లో రాసిన 'ది వుమన్ ఇన్ బ్లాక్' ఆ ప్రశ్నలు అడుగుతుంది. ఆటుపోట్లకి దారి మునిగిపోయే బురదనేలలో ఒంటరి ఇల్లు, నల్లబట్టల ఆడమనిషి. దాని నాటకం లండన్‌లో 1989నుంచి 2023 దాకా ఆడింది. పెళ్ళికాకుండా తల్లయిన అమ్మాయి దగ్గర్నుంచి బిడ్డని లాక్కున్నది ఒక మర్యాదగల కుటుంబం. భయం పెరిగేకొద్దీ వేలు దెయ్యం మీదనుంచి మెల్లిగా ఆ కుటుంబంవైపు తిరుగుతుంది. ఆవిడ మీద జాలిపడినంతమాత్రాన భయం తగ్గదు, అదీ ఆ రచయిత్రి గొప్పతనం.

వేలు మనవైపే తిరిగే కథ కావాలంటే పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన' ఉండనే ఉంది. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పెట్టిన అంతర్జాతీయ పోటీలో రెండో బహుమతి వచ్చిన కథగా దాన్ని గౌరవంగా అరలో పెట్టేశాం. దాన్నొకసారి తుఫాను రాత్రి భయానక కథగా చదివి చూడండి. నియమాలతో జీవితాన్ని కట్టుదిట్టం చేసుకున్న పెద్దమనిషి, కూలిపోతున్న స్టేషను, చీకటి, ఆయన అసహ్యించుకున్న బిచ్చగత్తె. తెల్లవారేసరికి ఆమె శవం, ఆమె దగ్గర ఆయన పర్సు. దెయ్యమూ లేదు, మంత్రగాడూ లేడు. తనకి తానే తెలియని మనిషి ఎదురైతే కలిగే దడ మాత్రం ఉంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నేనిచ్చే వరస ఇది. ముందు జేమ్స్ రాసిన 'ఓ, విజిల్, అండ్ ఐల్ కమ్ టు యూ, మై లాడ్'. దెయ్యాల్లేవని వాదించే ప్రొఫెసర్ శిథిలాల్లో దొరికిన ఈలని ఊదుతాడు, అంతే. సరదా కోసం ఇంతకన్నా మంచి కథ లేదు, ఒకరు చదువుతుంటే పదిమంది వినాలి. తరవాత కోతిచెయ్యి కథ. ఆపైన తులసిదళం, రంగనాయకమ్మగారి పుస్తకం రెండూ ఒకదాని పక్కన ఒకటి. ఒకటే చదివి ఊరుకుంటే నవలకీ విమర్శకీ కూడా అన్యాయమే. అవయ్యాక సూసన్ హిల్, చివరికి గాలివాన. ఇక్కడ పుట్టిన పిల్లలకి ముందు బేతాళ కథ ఒకటి నోటితో చెప్పండి. చివరి ప్రశ్న దగ్గర ఆగి, జవాబు వాళ్ళనే చెప్పమనండి.

హాయిగా భయపడదాం, అందులో సిగ్గుపడేదేం లేదు. ఎదుటివాళ్ళకి పుస్తకం ఇచ్చేటప్పుడు మాత్రం "రాత్రిపూట చదవకండి" అన్న హెచ్చరికతో పాటు ఇంకో మాట కూడా చెబుదాం. పుస్తకం మూశాక మీకు ఎవరంటే భయమేసిందో ఒక్కసారి చూసుకోండి, ఆ మనిషి నిజంగా ఎక్కడైనా బతుకుతున్నారేమో ఆలోచించండి.