మిరప కళ్లంలో పెట్టలు

పల్నాడులో కోడి అనగానే పుంజే గుర్తొస్తుంది. నాగమ్మ, బ్రహ్మనాయుడుల కోడిపోరు మొదలు కారెంపూడి రణరంగం దాకా కథంతా పుంజులదే. పెదకూరపాడు పెరళ్లలో ఏరుకు తిని ఇంటిల్లిపాదికీ గుడ్డు పెట్టే పెట్టను తలుచుకునేవారు తక్కువ.

మిరప కోతలు మొదలయ్యాక ఈ వైపు కళ్లాలు ఎర్రబడతాయి. ఎండబోసిన కాయల్లోకి పెట్టలు తిన్నగా వెళ్లి, చిట్లిన వాటిలోంచి గింజలు ఏరుకుంటాయి. మనుషులు ముక్కుకు గుడ్డ కట్టుకుని దగ్గుతుంటే వాటికి చీమ కుట్టినట్టయినా ఉండదు. మన నోట్లో మంట పుట్టించే కాప్సైసిన్ పక్షుల నరాలకు తెలియదు మరి. పైగా మిరప ఎరుపు సొనలోకి దిగి దాన్ని ముదురు నారింజ రంగుకు తెస్తుంది. మొన్ననే మందు కొట్టిన కాయల దగ్గరికి మాత్రం పెట్టల్ని పోనివ్వకూడదు. బూజు పట్టిన తాలుకాయ ఇంకా ప్రమాదం. బూజులో పుట్టే అఫ్లటాక్సిన్ కోడి కాలేయాన్ని దెబ్బతీస్తుంది, గుడ్లు తగ్గిపోతాయి. ముక్కిన మొక్కజొన్న, పాతబడ్డ వేరుశనగ చెక్క కూడా అంతే. పాడైనదంతా ‘కోళ్లకేలే’ అని పెరట్లో పారబోసే అలవాటు వెంటనే మానుకోవాల్సింది.

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే గ్రామప్రియ అనే కోడి రకాన్ని రూపొందించింది. బాగా చూసుకుంటే ఏడాదికి 200 గుడ్ల దాకా పెడుతుంది. అన్ని గుడ్లకు పెంకు ఎక్కడినుంచి రావాలి? నూకలు, తౌడుతో అంత సున్నం అందదు. ఒక్కో పెంకు తయారవడానికి 20 గంటలు పడుతుంది, అందులో ఎక్కువ భాగం రాత్రి పూటే. అందుకే ఆల్చిప్పల పొడిని సాయంత్రం వేరే మూకుడులో పెట్టాలి. కావాల్సినంత పెట్టే తింటుంది.

కొత్త పెట్టల్ని సంతలో కొనితెస్తే రెండు వారాలు విడిగా ఉంచడం మేలు. కొక్కెర తెగులు ఒక్కదాని వెంట వచ్చినా గూడు ఖాళీ అవుతుంది. రెండు వారాలు గడిచిన తర్వాత చీకటి పడ్డాక, పాతవి అడ్డకర్ర మీద కునుకు తీస్తుండగా, వాటి పక్కన కూర్చోబెడితే తెల్లారి పొడుచుకోవడం తగ్గుతుంది. దాణా, నీళ్లు రెండు మూడు చోట్ల పెట్టాలి. లేదంటే బలమున్న పెట్ట కొత్తదాన్ని మూకుడు దగ్గరికి రానివ్వదు. మొదటి వారం గూడు తలుపు తీయకుండా, రోజూ పొద్దువాలే వేళ లోపలే జొన్నలు చల్లితే చాలు, తర్వాత అవే వెతుక్కుంటూ వస్తాయి.

మే నెలలో మేత వేసే పద్ధతి కాస్త మారుతుంది. తిన్న మేత అరిగేటప్పుడు కూడా ఒంట్లో వేడి పుడుతుంది కాబట్టి దాణా తెల్లవారుజామున ఒకసారి, ఎండ తగ్గాక ఒకసారి పెట్టాలి. మధ్యాహ్నం వాటికి కావాల్సింది వేపచెట్టు నీడ, మట్టికుండలో చల్లటి నీళ్లు.