చిరునామాల తరగతులు: ఒక పాఠంపై విమర్శ

192.168.4.255 అనే చిరునామాను ఒక కంప్యూటరుకు ఇవ్వవచ్చునా? మా కళాశాలలో నెట్‌వర్కుల పాఠం మొదలుపెట్టే రోజున ఈ ప్రశ్న వేయడం నాకు అలవాటు. అంతకుముందే ఎంతోకొంత కంప్యూటరు పాఠాలు చదివి వచ్చిన విద్యార్థులు తడుముకోకుండా "ఇవ్వరాదు" అంటారు. ఎందుచేతనని అడిగితే, "192తో మొదలైనది కనుక ఇది సి తరగతి; సి తరగతిలో చివర 255 వస్తే అది అందరినీ ఒక్కసారిగా పిలిచే చిరునామా" అని అప్పగిస్తారు. నిజానికి ప్రశ్నే అసంపూర్ణమైనది. మాస్కు ఏదో చెప్పనిదే దానికి జవాబు లేదు. "మాస్కు ఎంతండీ?" అని ఎదురు ప్రశ్న వేసినవారు నాకింతవరకు ఇద్దరో ముగ్గురో తగిలారు. ఇందులో పిల్లల తప్పేమీ లేదు. వారికి నేర్పిన పాఠాన్నే పరీక్షించవలసి ఉన్నది.

పరిచయ గ్రంథాలలో ఈ అధ్యాయం చాలావరకు ఒకే మూసలో ఉంటుంది. మొదట ఎ, బి, సి తరగతుల పట్టిక, దానిపై అరడజను అభ్యాసాలు. చిట్టచివర "తరగతులు లేని పద్ధతి కూడా ఒకటి కలదు" అని ఒక పేరా. 1993లోనే కాలం చెల్లిన పద్ధతికి సింహద్వారం, నేడు అమలులో ఉన్నదానికి పెరటి గుమ్మమూనా?

పాత పద్ధతిని తీసిపారవేయమని నా అభిప్రాయం కాదు. దాని పుట్టుక తెలిస్తే మెచ్చుకోకుండా ఉండలేము. చిరునామా అంటే 32 బిట్ల సంఖ్య. చుక్కలు పెట్టి నాలుగు ముక్కలుగా వ్రాసుకోవడం మన సౌకర్యం కొరకే. యంత్రానికి ఆ చుక్కలతో పనిలేదు. ఈ సంఖ్యలో ముందుభాగం ఏ నెట్‌వర్కో, వెనుకభాగం అందులో ఏ యంత్రమో తెలుపుతుంది. ఇంటి టెలిఫోను సంఖ్యను గుర్తుకు తెచ్చుకోండి. హైదరాబాదు సంకేతం 40, తరువాత 8 అంకెలు. విజయవాడకు 866, తరువాత 7. తెనాలికి 8644, తరువాత 6. మొత్తం ఎక్కడైనా పదే. ఊరికీ ఇంటికీ నడుమ సరిహద్దు మాత్రం జరుగుతూ ఉంటుంది.

1980లో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 760 అనే పత్రంలో ఈ సరిహద్దు ఒక్కటే: మొదటి 8 బిట్లు నెట్‌వర్కువి. అట్లయితే ప్రపంచం మొత్తానికి 256 నెట్‌వర్కులకు మించి ఉండవు. 1981 సెప్టెంబరులో జాన్ పోస్టెల్ సంపాదకత్వాన వచ్చిన ఆర్.ఎఫ్.సి. 791 దీనిని సవరించినది. మొదటి బిట్టు 0 అయితే సరిహద్దు 8 బిట్ల తరువాత. 10తో మొదలైతే 16 తరువాత. 110తో మొదలైతే 24 తరువాత. ఇవే ఎ, బి, సి తరగతులు. చిరునామా తన సరిహద్దును తానే చెప్పుకుంటుంది; వేరుగా ఏమీ తెలుపనక్కరలేదు. ఆనాటికి ఇది చక్కని ఉపాయమే.

చిక్కంతా కొలతలలో వచ్చినది. ఎ తరగతి నెట్‌వర్కు ఒక్కొక్కదానిలో 1,67,77,216 చిరునామాలు. బి తరగతిలో 65,536. సి తరగతిలో 256. మూడే కొలతలలో చొక్కాలు కుట్టే దర్జీ వంటిది ఈ ఏర్పాటు. 300 కంప్యూటర్లున్న కార్యాలయానికి సి తరగతి చాలదు. బి తరగతి ఇస్తే అరవైఐదు వేల పైచిలుకు చిరునామాలు వృథా. మొత్తం సుమారు 429 కోట్లలో సగం ఎ తరగతికే పోయినవి. 127తో మొదలయ్యే ఒక ఎ తరగతి నెట్‌వర్కు మొత్తాన్ని యంత్రం తనతో తాను మాట్లాడుకోవడానికే కేటాయించారు! బి తరగతి తరిగిపోతూ ఉండగా 1993 సెప్టెంబరులో ఆర్.ఎఫ్.సి. 1519 వచ్చి, సరిహద్దు ఏ బిట్టు తరువాతనైనా ఉండవచ్చునన్నది. ఆ సరిహద్దును తెలిపేదే మాస్కు.

మన ప్రశ్నకు మాస్కు 255.255.254.0 అనుకుందాము. 254ను ద్విసంఖ్యామానంలో వ్రాస్తే 11111110. అనగా మొదటి 23 బిట్లు నెట్‌వర్కువి, మిగిలిన 9 బిట్లు యంత్రానివి. 4 అంటే 00000100, 5 అంటే 00000101. రెండింటికీ తేడా చివరి బిట్టులోనే, ఆ బిట్టు యంత్రం వాటాలోకి వచ్చినది. కనుక 192.168.4.0 నుండి 192.168.5.255 వరకు ఒకే నెట్‌వర్కు. మొదటిదీ చివరిదీ మినహాయిస్తే 510 చిరునామాలు. ఆ 300 కంప్యూటర్లకు చాలును. 4.255 నడిమధ్యన ఉన్న సామాన్యమైన చిరునామా. నిరభ్యంతరంగా ఇవ్వవచ్చును.

పరీక్షలో ఒక మార్కు పోతే పోనిండు. ప్రయోగశాలలో ఈ పాఠం ఎట్లు బాధించునో ఒక అనుభవం చెబుతాను. రెండు గదులు, నడుమ ఒక రౌటరు. ఒక గదిలో 10.1.1.10, రెండవ గదిలో 10.1.2.10, రెండింటికీ మాస్కు 255.255.255.0 ఉండవలెను. మొదటి యంత్రంలో చిరునామా నింపగానే మాస్కు గడిలో 255.0.0.0 అని దానంతట అదే పడినది. 10 అంటే ఎ తరగతి అనే పాత జ్ఞాపకం ఆ పెట్టెలో ఇంకా మిగిలి ఉన్నది. విద్యార్థి దానిని అట్లే వదిలివేశాడు. పట్టిక ప్రకారం అది సరియే గదా! నేనూ గమనించలేదు. ఆశ్చర్యమేమిటంటే అంతా చక్కగా పనిచేసినది.

మరుసటి సంవత్సరం రౌటరు మార్చాము. ఆ యంత్రం నుండి ఇంటర్నెట్టు వస్తున్నది. పక్కగది మాత్రం అందడం లేదు. రెండు రోజులు తీగలను అనుమానించాము. అసలు సంగతి ఇది: 255.0.0.0 ప్రకారం పక్కగది కూడా తన నెట్‌వర్కే అనుకొని ఆ కంప్యూటరు రౌటరుకు అప్పగించకుండా తన గదిలోనే "10.1.2.10 ఎవరు?" అని కేకవేస్తున్నది. పాత రౌటరుకు ఇతరుల తరఫున "నేనే" అని పలికే గుణం ఉండేది. దీనిని ప్రాక్సీ ఆర్ప్ అంటారు. కొత్తదానిలో అది లేదు. తప్పు ఏడాదిపాటు కనబడకుండా దాగి ఉన్నదన్నమాట.

ఇదే అధ్యాయంలో ఇంకొక అలసత్వం కలదు. "కంప్యూటరుకు, స్విచ్చికి, రౌటరుకు చిరునామాలు ఇమ్ము" అని మూడింటినీ ఒకే గాటన కట్టి అభ్యాసం ఇస్తారు. మామూలు స్విచ్చి చూసేది యంత్రాల 48 బిట్ల హార్డువేరు చిరునామాను. దానికి మనమిచ్చే చిరునామా, దూరం నుండి దానిని అదుపు చేయడానికే. తీసివేసి చూడండి, ఒకే నెట్‌వర్కులోని కంప్యూటర్లు ఎప్పటివలెనే మాట్లాడుకుంటాయి. రౌటరు సంగతి వేరు. దాని ఒక్కొక్క ద్వారానికీ ఒక్కొక్క నెట్‌వర్కులో చిరునామా ఉండితీరవలెను.

"తరగతులు సులువు, పరీక్షలలో అడుగుతారు" అని ఉపాధ్యాయ మిత్రులు అనవచ్చును. అడిగితే చరిత్రగా నాలుగు వాక్యాలు చెప్పండి. కాని ముందు మాస్కు చెప్పండి. 2011 ఫిబ్రవరి 3న 32 బిట్ల చిరునామాల కేంద్ర నిల్వ అయిపోయినది. 128 బిట్ల ఆరవ కూర్పులో ఎ, బి, సి తరగతుల ఊసే లేదు. అక్కడ సరిహద్దు ఎన్ని బిట్ల తరువాతనో సంఖ్యగా వ్రాస్తారు. తరగతుల పట్టిక వల్లించిన విద్యార్థికి అక్కడ ఆధారమేమీ దొరకదు.

తరగతిలో వేయదగిన మరొక ప్రశ్నతో ముగిస్తాను. అదే 255.255.254.0 మాస్కుతో 192.168.5.0ను కంప్యూటరుకు ఇవ్వవచ్చునా? చివర సున్నా చూసి బెదరవద్దని పిల్లలతో చెప్పి, బిట్లు వ్రాయించండి.