పెట్టెలో బిడ్డతో కబుర్లు

"వాడికేం వినపడుద్ది సిస్టర్?" నెలలు నిండకుండా కన్న తల్లుల్లో చాలామంది అడిగేది ఇదే. వినపడుద్దమ్మా. కడుపులో పాతికో వారం నాటికే చెవులు పని మొదలుపెడతాయి. పుట్టి మూడు రోజులైనా నిండని పిల్లలు తల్లి గొంతును పోల్చుకుంటారని డికాస్పర్, ఫైఫర్ 1980లోనే చూపించారు. నోట్లో పీక పెడితే, అమ్మ గొంతు వినిపించేలా చప్పరింపు తీరునే మార్చుకున్నారట గడుగ్గాయిలు!

మా వార్డులో ఆ గొంతుకే కరువు. ఇంక్యుబేటర్లో మోటారు రొద, బయట మానిటర్ల కూతలు. చప్పుడు 45 డెసిబెల్స్ దాటకూడదని అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ చెబుతుంది. నిజమే, మూత మీద ఫైలు పడేస్తే లోపల పిడుగు పడ్డట్టే. కానీ చప్పుడు తగ్గిస్తే సగం పనే అయింది. అమెరికాలోని ప్రావిడెన్స్‌లో బెట్టీ వోర్ బృందం పసివాళ్ల చొక్కాల్లో చిన్న రికార్డర్లు పెట్టి, చుట్టూ పెద్దలు ఆడే మాటలు లెక్కపెట్టింది. గర్భం నాటి నుంచి లెక్కేస్తే 32 వారాల వయసులో ఎక్కువ మాటలు చెవినపడ్డవాళ్లు 18 నెలలకు భాషలో ముందున్నారని 2014లో రాశారు.

అయితే గాజుపెట్టెతో మాట్లాడాలంటే సిగ్గు. పక్క మంచం వాళ్లు నవ్వుతారని, మురిసిపోతే దిష్టి తగులుతుందని. బిడ్డను గుండెల మీద వేసుకున్నప్పుడు మాత్రం నోరు దానంతటదే పెగులుతుంది. ఇంక్యుబేటర్లు చాలక 1970ల చివర బొగోటాలో మొదలైన కంగారూ పద్ధతి ఇది. కథల పుస్తకం చదివినా సరే, చదువు రాకపోతే ఇంటి సంగతులు చెప్పినా సరే. ఫోన్లో పాట పెట్టి పక్కన పడేయడం నాకు నచ్చదు. ఫోను బిడ్డను చూడదు కదా! వేళ్లు చాపి బిగుసుకున్నా, ఎక్కిళ్లు వచ్చినా, మొహం తిప్పేసినా, రక్తంలో ఆక్సిజన్ శాచురేషన్ పడిపోతున్నా మాట ఆపాలి. అది కళ్లున్న మనిషి చేసే పని.

ఆపరేషనయిన తల్లి మొదటి రోజుల్లో ఇంకో అంతస్తులో ఉంటుంది. తండ్రేమో తలుపు బయట. చేతులు కడిగించి, గౌను తొడిగి ఆయన్ని లోపలికి పంపడానికి ఇంత తటపటాయింపు ఎందుకో! మొన్న ఒక రైతుని అలాగే కూర్చోబెట్టాను. వెళ్తూ వెళ్తూ అడిగాడు.

"ఏం తోచక యూరియా బస్తా రేటు కూడా చెప్పేశాను సిస్టర్, పర్లేదా?"

"పర్లేదు బాబూ, రేపు డీఏపీ సంగతి చెప్పు."