సిపాయి జేబులోని పుస్తకము

యుద్ధకాలమున సైనికులకొఱకై అచ్చువేయబడిన పుస్తకములను వెదకి కూర్చుకొనువారు నేడు పలువురు కలరు. వారి పరిశ్రమను మేము తక్కువ చేయము. కాని వారు దేనిని విలువగా నెంచుచున్నారో దానినిగూర్చి మాకు కొంత అభ్యంతరము కలదు.

ఇట్టివానిలో మిక్కిలి ప్రసిద్ధికెక్కినవి అమెరికాదేశపు ‘ఆర్మ్‌డ్ సర్వీసెస్ ఎడిషన్స్’. 1943 మొదలు 1947 వఱకు ఇవి 1,322 సంపుటములుగా వెలువడినవి. ప్రతులు 12 కోట్లకు మించినవి. స్వదేశపు టంగళ్లలో అమ్ముటకు గాక, సైనికులకు ఉచితముగ పంచుటకే వీనిని ముద్రించిరి. జేబులో పట్టునంత చిన్న పుస్తకము. నిలువునగాక అడ్డముగ సాగిన ఆకారము. పుటకు రెండు వరుసల అచ్చు. పత్రికల నచ్చొత్తు యంత్రములపై రెండేసి పుస్తకముల నొకదానిపై నొకటిగ ముద్రించి నడుమకు కోసెడివారు. ఉష్ణదేశపు పురుగులు జిగురును తినివేయునని వెన్నున ఇనుపతీగతో కుట్టిరి. చెదలతో నిత్యము పోరాడు మాబోటివారికి ఈ ముందుచూపు ముచ్చట గొల్పును. అయినను తడిగాలి తగిలినచోట ఆ తీగ త్రుప్పుపట్టును. మా అనంతపురపు పొడిగాలిలో తీగ నిలుచునుగాని చవుకకాగితము పెళుసెక్కి వ్రేళ్లసందున రాలిపోవును.

1940లో గతించిన ఫిట్జ్‌జెరాల్డు, తన ‘ది గ్రేట్ గాట్స్‌బీ’ నవలను జనులు మఱచిరనియే తలచి కన్నుమూసెను. 1945లో ఈ కూర్పుమూలమున అది వేలకొలది సైనికుల చేతికెక్కినది. వారు చదివిరి, చేతులు మార్చిరి, చింపిరి. నేటి సంగ్రాహకుడో, మడతపడని ప్రతిని కోరును. అనగా ఏ సైనికుడును విప్పని ప్రతినన్నమాట! పుట్టినపని నెఱవేర్చిన పుస్తకము వానికి హీనము, నెఱవేర్చనిది ఉత్తమము. శుభ్రమైన ప్రతులు నశించునను భయముందురా? వాషింగ్టను నగరమున లైబ్రరీ ఆఫ్ కాంగ్రెసునందు సంపుటములన్నియు పదిలముగ నున్నవి.

ఇక మన సంగతి. హిందూదేశపు సైన్యముకొఱకు ‘ఫౌజీ అఖ్బార్’ అను వారపత్రిక 1909లో వెలసినది. 1954లో అది ‘సైనిక్ సమాచార్’ అయ్యెను. నానాభాషల కూర్పులలో తెలుగును చేరినది. అంతకుమున్ను, రెండవ ప్రపంచయుద్ధమునాటి సైన్యమున చదువునకు ప్రధానముగ వాడినది రోమనులిపిలో వ్రాసిన ఉర్దూ. భాషయు తనది గాదు, లిపియు తనది గాదు. తెలుగు పల్లెనుండి పోయిన పడుచువానికి అదియే అక్షరాభ్యాసమైనచో, వాడు యేమి చదివెను, ఎంత గ్రహించెను అను ప్రశ్న మన సాహిత్యచరిత్రలకు ఇంతవఱకు పట్టినట్లు కానరాదు. గ్రాంథిక వ్యావహారిక వాదములకై ఎన్ని కాగితములు ఖర్చుచేసితిమి!

కరవుసీమనుండి జీతమునకై సైన్యమున చేరినవాని యింట, ఇనుపపెట్టె యడుగున, అట్టయూడిన వాచకమొకటి దొరకెనేని, దాని యంచులందు తెలుగున గీచిన నాలుగు అర్థములున్నచో, మేము దానిని నూఱు మడతపడని ప్రతులకన్న మిన్నగా నెంతుము. గ్రంథాలయములవారు అట్టివానిని తీసికొనుడు. చినిగినపుటల నతికింపవలదు, గీతలను చెరుపవలదు. చదివినవా డెవ్వరో, ఏ యూరివాడో, ఏ దళమున నుండెనో ఇంటివారి నడిగి ఒక చీటిపై వ్రాసి లోపల నుంచుడు.