శాస్త్రదృష్టి – గానకళ : శ్రీపాద పినాకపాణిగారి స్వరలేఖనము

విజ్ఞానశాస్త్రము వేరు, కళ వేరు అను మాట లోకమున స్థిరపడి యున్నది. శాస్త్రజ్ఞుడు కొలుచువాడనియు, కళాకారుడు తన్మయుడగువాడనియు, ఒకని స్వభావము మఱియొకనికి పొసగదనియు పలువురి తలపు. ఈ రెంటియందును కృషి చేసిన మహనీయుడెవడైన కనబడినచో మనము వానిని సవ్యసాచి యని కొనియాడి, పూలదండ వైచి, అంతటితో ఊరకుందుము. పొగడ్త మంచిదే. కాని విమర్శకుడు అడుగవలసిన ప్రశ్న వేరొకటి కలదు. ఆ రెండు విద్యలును ఆ మనుష్యునియందు ఇరుగుపొరుగువలె ఊరక కాపురముండెనా, లేక ఒకటి మఱియొకదానికి ఏదైన పని చేసిపెట్టెనా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటయే ఈ వ్యాసమున మా ఉద్దేశము.

ముందుగా ఒక భేదమును గుర్తింపవలెను. విశాఖపట్టణమున బాల్యవిద్య నభ్యసించిన సర్ సి. వి. రామనుగారు 1920లో శివకాళి కుమారుగారితో కలిసి మన మృదంగమును గూర్చి ‘నేచర్’ పత్రికయందు ఒక వ్యాసము ప్రకటించిరి. 1934లో ఆ విషయమునే మఱింత విపులముగ వ్రాసిరి. ఒకే మందముగల చర్మమును బిగించి మ్రోగించినచో దానినుండి వెడలు పై స్వరములు మూలస్వరమునకు పూర్ణసంఖ్యల నిష్పత్తిలో నుండవు. అందుచే సాధారణమైన డోలు ‘ధమ్’ అనునే కాని శ్రుతి పలుకదు. మృదంగపు వలంతల నడుమ మన పూర్వులు మెత్తిన నల్లని పూత ఆ చర్మపు బరువును మార్చి, పై స్వరములను వరుసకు తెచ్చుచున్నదని రామనుగారు నిరూపించిరి. ఇది శాస్త్రము కళవైపు చూచిన చూపు. ఆ చూపువలన మృదంగమేల శ్రుతిలో పలుకుచున్నదో మనకు తెలిసినది. కాని దానిని ఎట్లు వాయింపవలెనో తెలియలేదు. అది వారి పనియు కాదు.

రెండవ మార్గము మఱియొకటి కలదు. కొడవటిగంటి కుటుంబరావుగారి కుమారులగు రోహిణీప్రసాదుగారు (1949–2012) బొంబాయిలోని భాభా అణు పరిశోధన కేంద్రమున శాస్త్రజ్ఞులుగా పనిచేసిరి, సితారు వాయించిరి, విజ్ఞానమును గూర్చియు సంగీతమును గూర్చియు తేటతెలుగున విరివిగా వ్రాసిరి. వీరియందు శాస్త్రము కళకు చేసిన మేలు శ్రోత కుపకరించినది. రాగమన నేమో ఎఱుగని సామాన్యుడు భయపడి దూరముగ నిలువక, కారణము తెలిసికొని ఆనందించునట్లు వారు వివరించిరి.

మూడవ మార్గము అన్నిటికంటె కష్టమైనది. శాస్త్రమున అలవడిన క్రమశిక్షణ కళయొక్క సాధనలోనికే ప్రవేశించుట అది. తెలుగునాట దానికి ఉదాహరణముగా మేము డాక్టరు శ్రీపాద పినాకపాణిగారిని చూపుదుము. వీరు 1913వ సంవత్సరమున శ్రీకాకుళము ప్రాంతమునందలి ప్రియా అగ్రహారమున జన్మించిరి. రాజమహేంద్రవరమున బి. ఎస్. లక్ష్మణరావుగారి యొద్దను, అటుపై మద్రాసులో రంగరామానుజ అయ్యంగారి యొద్దను సంగీతము నేర్చిరి. విశాఖలో వైద్యవిద్య నభ్యసించి, వైద్యకళాశాలలలో ఆచార్యులై, కర్నూలున స్థిరపడిరి. 1983లో మద్రాసు సంగీత అకాడమీవారి ‘సంగీత కళానిధి’ బిరుదమును, 1984లో పద్మభూషణమును పొంది, 2013 మార్చిలో నూఱవయేట కర్నూలుననే అస్తమించిరి.

వైద్యుని పరిశోధకుడనవచ్చునా యని కొందఱు సంశయింపవచ్చును. పరిశోధన యనగా గాజుగొట్టములు గల గదియే కానక్కరలేదు. లక్షణములను ఉన్నవి ఉన్నట్లు కనిపెట్టుట, కనిపెట్టినదానిని వెంటనే వ్రాసియుంచుట, ఒకదానితో మఱియొకదానిని పోల్చి నిర్ణయించుట అను మూడును శాస్త్రమునకు మూలములు. మంచి వైద్యాచార్యుడు రోగి మంచముకడ శిష్యులకు నేర్పునవియు ఇవియే. పినాకపాణిగారు ఈ మూడు అలవాట్లను సంగీతమునకు తెచ్చిరనుటయే మా వాదము. తిరుమల తిరుపతి దేవస్థానమువారు ప్రచురించిన వారి ‘సంగీత సౌరభము’ నాలుగు సంపుటములును అందుకు సాక్ష్యము.

ఆ గ్రంథపు విలువ తెలియవలెనన్న కర్ణాటక సంగీతమునందలి ఒక చిక్కును చెప్పవలెను. మన స్వరము ఒక చుక్క కాదు, ఒక కదలిక. శంకరాభరణమునందలి గాంధారము ఇంచుమించు నిలుకడగ నిలుచును. తోడి గాంధారమో, ఎడతెగక ఊగుచుండును. అది రిషభ మధ్యమములను తాకివచ్చుచున్నట్లు వినబడును. కాగితముమీద మాత్రము రెండును ఒకే ‘గ’. ఆ యక్షరమును చూచి పాడువానికి తోడి రానేరాదు. ఈ చిక్కును మన పెద్దలు ఎఱుగకపోలేదు. 1904లో ఎట్టయాపురమున సుబ్బరామ దీక్షితులవారు తెలుగు లిపిలో ప్రకటించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’యందు గమకములకు ప్రత్యేక చిహ్నములను వాడిరి. తమిళదేశమునందలి ఎట్టయాపురమునుండి వెలువడిన ఆ మహాగ్రంథము తెలుగున నుండుట మనము గర్వింపదగిన విషయము. కాని తరువాత వచ్చిన పుస్తకములు అనేకము ఆ శ్రమను విడిచి, ఒట్టి సరిగమలను వరుసగా అచ్చువేసి ఊరకున్నవి.

పినాకపాణిగారు పట్టినది వేరొక త్రోవ. స్వరము పైన గుర్తు పెట్టి వదలక, ఆ స్వరము ఊగునప్పుడు గొంతు తాకు సూక్ష్మస్వరములను, వాని కాలప్రమాణమును కూడ విడదీసి వ్రాయుటకు వారు పూనుకొనిరి. ఒక కీర్తనలోని ఒక సంగతి సామాన్య పుస్తకమున అరపంక్తి యైనచో, ఇట్టి వ్రాతలో ఎన్నియో యక్షరములగును. చూపునకు అది దట్టముగ నుండును. కాని అందు ఊహకు వదలినది మిక్కిలి తక్కువ.

మేము సంగీత పండితులము కాము. మెట్రిక్కు వఱకే చదివి, గుమాస్తా కొలువు చేసి విశ్రాంతి పొందినవారము. అయినను నకలు వ్రాయుటలోని కష్టము మాకు తెలియును. అసలులో నున్న యక్షరము వదలినచో దోషము. లేని యక్షరము చేర్చినచో అంతకంటె దోషము. అసలు చూడనివాడు సైతము నకలును బట్టి సరియైన నిర్ణయమునకు రాగలిగినప్పుడే అది నకలు అనిపించుకొనును. ఆ కొలతతో చూచినను వినికిడికి ఇంతటి నమ్మకమైన దస్తావేజు తెలుగున అరుదు. వైద్యుడు కేసు షీటు వ్రాయునప్పుడు ‘జ్వరము ఎక్కువ’ అని వ్రాసిన చాలదు; ఎంత, ఏ వేళ, ఎంతసేపు అనునది వ్రాయవలెను. తోడి గాంధారమును వ్రాయుటలోను పినాకపాణిగారు తమ్ము తాము అడుగుకొన్న ప్రశ్నలు ఇవియే యని మాకు తోచుచున్నది.

ఇక ఆక్షేపణలు. ఇంత వివరముగ వ్రాసిన సంగీతము గడ్డకట్టిపోదా, అందఱును ఒకే తీరున పాడరా అను ప్రశ్న సహజము. మఱియు వారు ‘మనోధర్మ సంగీతము’ అను పేర ఆలాపన, స్వరకల్పన మున్నగువానిని సైతము గ్రంథముగ బోధింపబూనిరి. అప్పటికప్పుడు పుట్టవలసినదానిని వ్రాసి నేర్పుట యెట్లు? దీనికి సమాధానము వైద్యవిద్యలోనే యున్నది. పాత రోగుల కేసు షీట్లు చదువునట్టి విద్యార్థి ఆ మందులనే రాబోవు వారందఱికిని ఇచ్చుటకై చదువడు. నిర్ణయమునకు వచ్చు తెన్ను తెలిసికొనుటకై చదువును. వ్రాసిన ఆలాపనయు అట్టిదే. దానిని వల్లించి సభలో అప్పగించువానిది చదివినవాని దోషమే కాని వ్రాసినవాని దోషము కాదు.

ఇందుకు వారి శిష్యులే నిదర్శనము. నేదునూరి కృష్ణమూర్తిగారును, వోలేటి వేంకటేశ్వర్లుగారును ఆ గురువునొద్ద నేర్చినవారే. నేదునూరివారిది నిండైన సంప్రదాయ గాంభీర్యము. అన్నమాచార్యుల కీర్తనలకు వారు కూర్చిన వరుసలు ఇంటింట వినబడుచున్నవి. వోలేటివారి గానమున హిందూస్థానీ సౌరభము తొణికిసలాడును. ఒక్క గురువు, ఒక్క క్రమశిక్షణ. ఫలించినవి రెండు భిన్నమైన గానములు. ఖచ్చితమైన పునాది గోడలను ఒకే తీరున కట్టుమని శాసింపదు.

అయినను ఒక లోటును చెప్పకుండుట న్యాయము కాదు. ఈ వ్రాత ప్రారంభదశలోని విద్యార్థికి బరువు. కన్ను అక్షరములవెంట పరుగిడుచుండ చెవి వెనుకబడు ప్రమాదము కలదు. మఱియు ఇందు చేరినది పినాకపాణిగారు తంజావూరు విద్వాంసులనుండి ఆకళించుకొని ఆంధ్రదేశమునకు తెచ్చిన బాణి. వ్రాత దొరకినది గనుక ఇదియే ప్రమాణమని, ఇట్టి లేఖకుడు దొరకని ఇతర బాణీలు తక్కువవని తలచినచో పొరపాటు. దస్తరమున కెక్కనంతమాత్రమున భూమి లేకపోదు గదా!

గౌతమీతీరమునందలి మా యానాము 1954లో ఫ్రెంచివారి ఏలుబడినుండి బయటపడినది. పాలనలో పుదుచ్చేరికి చెందినను, భాషయందును సంగీతమునందును గోదావరి సీమదే. ఇట్టి చిన్న ఊళ్ళలోని బాలబాలికలకు పెద్ద విద్వాంసుల సన్నిధి నిత్యము లభించునది కాదు. నేడు సెల్ ఫోనులో ఏ కచేరి కావలసినను వినబడుచున్నది. ఇక పుస్తకమెందులకని అడుగువారు కలరు. ధ్వనిముద్రణ పాటనంతయు చెవిని వేయును. కాని అందు ఏది వినవలెనో చెప్పదు. పదిసార్లు విన్నను మన చెవికి చిక్కని కదలికను పుస్తకము ‘ఇదిగో, ఇక్కడ’ అని చూపును. అది సరిగ పలికినదో లేదో గురువు చెప్పును. ఈ మూటిలో ఏ ఒక్కటియు తక్కిన రెంటి పని చేయజాలదు.

కావున మన సంఘములు పినాకపాణిగారి చిత్రపటమునకు దండ వేయుటతో తృప్తిపడక, ఆ నాలుగు సంపుటములను తెప్పించి పిల్లలకు అందుబాటున నుంచవలెనని మా మనవి. ఒక్క కీర్తనను ఎన్నుకొని, పుస్తకము ముందుంచుకొని, విద్వాంసుని పాట విని, గురువునెదుట పాడి సరిచూచుకొనిన బాలిక యొక్కతె మన ఊర తయారైనను ఆ వైద్యాచార్యుని శ్రమ ఇచ్చట ఫలించినట్లే.