మంచం నుంచి దొడ్డి దాకా

గద్వాల, రాజోలి, అమరచింత దిక్కు నేతగాళ్ళ ఇంట్లోకి కొత్తవాళ్ళు అడుగుపెడితే ముందు వినబడే మాట "కింద చూసుకొని నడువుండ్రి" అని. గుంట మగ్గం ఇంటి నడుమనే ఉంటుంది. కాళ్ళు గుంటలోకి దించి, చెక్కలు తొక్కుతూ నేస్తారు. బతుకంతా అందులో కూచున్న మనిషికి గుంట ఎక్కడుందో కళ్ళు మూసుకున్నా తెలుసు. కానీ మోకాళ్ళు వెనుకటివి కావు, చూపు వెనుకటిది కాదు. రాత్రి దిగ్గున లేస్తే తల తిరుగుతుంది.

మా మేనత్త ఇంట్లో మగ్గం ఆగి చాలా ఏండ్లైంది. గుంట మీద పరిచిన చెక్క ఒక మూల లేచి ఉండేది. పూడ్చేద్దామంటే ఒప్పుకోలేదు. "మీ మామ కూచున్న జాగ రా అది. మన్ను పోస్తరా?" అన్నది. ఆ మాటకు ఎదురు చెప్పేదేముంది? వడ్లాయనను పిలిచి, లోపల నాలుగు దిక్కులా ఆనిక కొట్టించి, చెక్కను నేలకు సమంగా దింపించాం. ఇప్పుడు దాని మీద నడవొచ్చు, కావాలంటే రేపు తీయనూ వచ్చు. పెద్దవాళ్ళున్న ఇంటిని పదిలం చేసే పని చాలామట్టుకు ఇట్లాంటిదే. వాళ్ళు వద్దన్నదాన్ని వదిలిపెట్టి, ఒప్పుకున్నంత మేర గట్టిగా చేయాలి.

పాలమూరు వలసల సంగతి కొత్తగా చెప్పేదేమీ లేదు. వనపర్తి పల్లెకు పోయినా, నాగర్‌కర్నూల్ పల్లెకు పోయినా పిల్లలు హైదరాబాదులోనో ముంబయిలోనో ఉంటారు, ఇంట్లో అవ్వో తాతో ఒక్కరే ఉంటారు. పట్నం తీసుకుపోతే నెల తిరగకముందే బస్సెక్కి వచ్చేస్తారు. ఉండేది ఈ ఇంట్లోనే అయినప్పుడు, ఈ ఇంటినే చూడాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం కింద పడి చనిపోయేవాళ్ళు ఏటా 6.84 లక్షల మంది. అందులో ఎక్కువమంది అరవై దాటినవాళ్ళే. తుంటి ఎముక విరిగి మంచం పట్టినవాళ్ళ కథ ఎట్లా ముగుస్తుందో ఊళ్ళల్లో అందరికీ తెలుసు. అయితే ఇది తలరాత అనుకోనక్కరలేదు. 2023లో, వైద్య పరిశోధనలను కలిపి తూచే కాక్రేన్ సమీక్ష ఒకటి వచ్చింది. ఇంట్లో కాలికి అడ్డం తగిలేవి, జారేవి సరిచేస్తే పడిపోవడాలు నాలుగో వంతు తగ్గాయని, ఇదివరకే పడినవాళ్ళలాంటి ఎక్కువ ముప్పున్నవాళ్ళల్లో 38 శాతం దాకా తగ్గాయని తేల్చింది. అంటే ముందుగా చూడాల్సింది ఒకసారి పడి లేచిన మనిషి ఉన్న ఇల్లు. మనమేమో ఆ ఇంటికి పండ్లు పట్టుకొని పోయి పలకరించి వస్తాం.

ఇల్లంతా ఒకేసారి మార్చే పని పెట్టుకోవద్దు. రాత్రిపూట ఆ పెద్దమనిషి మంచం దిగి దొడ్డికి పోయే దోవ ఒక్కటి చూడండి. పగలు చూస్తే ఏమీ తెలియదు. చీకట్లో, వాళ్ళ వెనకాల నడవాలి. నులక కుంగి మంచం లోతైపోయి ఉంటుంది, అందులోంచి లేవడమే ఒక యుద్ధం. నులక బిగించాలి, లేదా కోళ్ళ కింద ఎత్తు పెట్టాలి. కూచుంటే పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి. కాళ్ళు కింద పెట్టి కాసేపు కూచొని లేవమని చెప్పండి, బీపీ గోళీలు మింగేవాళ్ళకైతే మరీ. స్విచ్చు తలుపు దగ్గర ఉంటే దాన్ని చేరేదాకా చీకటే. చేయి చాపితే అందేచోటికి మార్చాలి. కరెంటు పోయినా వెలిగే చార్జింగ్ బల్బు ఒకటి దోవలో ఉండాలి. ఇక పాత చీర మడతపెట్టి కాళ్ళు తుడుచుకోవడానికి వేసిన గుడ్డను ముందు తీసేయండి. నున్నటి బండ మీద అది కాలి కిందనుంచి జారిపోతుంది.

ఎత్తు కడప పెద్ద చిక్కే. పసుపు కుంకుమ పెట్టే కడపను కొట్టేయమని ఎవరంటారు? పక్కనే దర్వాజ చట్రానికి నిలువుగా పట్టుకునే కడ్డీ బిగిస్తే చాలు. మెట్ల అంచులకు తెల్లరంగు పట్టీ వేస్తే మసక చూపుకు ఆనుతుంది.

అరుగు దగ్గర మాత్రం మనవాళ్ళు చేసే పని చూస్తే నాకు కోపమొస్తుంది. బండి ఎక్కడానికి నిట్టనిలువు ర్యాంపు పోయిస్తారు, మెట్లు దాని కింద పోతాయి. సాంపి చల్లిన పొద్దున దాని మీద అవ్వ దిగాలి. ర్యాంపు అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవుండాలి. రెండడుగుల అరుగుకు ఇరవై నాలుగడుగులు. మన గల్లీలో అంత జాగ ఎక్కడిది? కాబట్టి పొట్టి మెట్లు, ఒక పక్క పైపు. బండికి ర్యాంపు కావాలంటే పక్కన వేరే పోసుకోండి.

పైపు బిగించడంలోనే పనితనం తెలుస్తుంది. మట్టి అడుసుతో కట్టిన పాత రాతిగోడలో డ్రిల్లు కొట్టి స్క్రూ బిగిస్తే, మనిషి బరువు పడ్డ రోజు పైపు చేతికొస్తుంది. అట్లాంటి గోడ దగ్గర నేలలో గుంత తీసి, కాంక్రీటు పోసి పైపును నిలబెట్టాలి. పలచటి ఇటుక గోడ అయితే బోల్టు అవతలికి పోనిచ్చి, వెనక ఇనుప పట్టీ వేసి బిగించాలి. ఎత్తు టేపుతో కొలిచేది కాదు. ఆ మనిషిని కూచోబెట్టి, లేవమని, చేయి ఎక్కడికి పోతుందో అక్కడ గుర్తు పెట్టాలి. వెల్డింగ్ దుకాణంలో సగం పూట పని. తువ్వాలు ఆరేసే కడ్డీని పట్టుకొని లేచేవాళ్ళు ఉన్నారు, అది అందుకు చేసింది కాదు.

మరుగుదొడ్డి సంగతి ఇంకా చెప్పాలి. 2014లో స్వచ్ఛ భారత్ మొదలయ్యాక 12 వేల రూపాయల సాయంతో పల్లెపల్లెనా అవి లేచాయి. ఇరుకు గది, రెండు మూడు మెట్ల ఎత్తు, కింద కూచునే బేసిన్, లోపలికి తెరుచుకునే తలుపు. లోపల పడ్డవాళ్ళు తలుపుకు అడ్డంగా పడితే బయటివాళ్ళు తెరవలేరు. తలుపు బయటికి తెరుచుకునేట్టు తిప్పాలి, గొళ్ళెం బయటినుంచి కూడా తీసేట్టు ఉండాలి. బేసిన్ మీద పెట్టుకునే కమోడ్ కుర్చీలు మెడికల్ షాపుల్లో దొరుకుతాయి. "నాకేం రోగమొచ్చింది, గా కుర్చీ నాకెందుకు?" అంటారు. బలవంతం చేస్తే అది మూలన పడుతుంది. పక్కింటి ఈడువాళ్ళు వాడుతుంటే చూపించండి, పది మాటల కంటే అదే పనిచేస్తుంది.

ఇప్పుడు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు జిల్లాల్లోనూ సర్కారు సాయంతో ఇందిరమ్మ ఇళ్ళు కడుతున్నారు. ఇంటికి 5 లక్షలు, కనీసం 400 చదరపు అడుగులు. పునాది పోయకముందే మేస్త్రితో మూడు మాటలు మాట్లాడుకోండి: మరుగుదొడ్డి ఇంటి నేలకు సమంగా ఉండాలి, దాని తలుపు బయటికి తెరుచుకోవాలి, బేసిన్ పక్క గోడలో ఇనుప కడ్డీ ఇప్పుడే పొదగాలి. గోడ లేచేటప్పుడు చేయిస్తే దానికయ్యే ఖర్చు ఎంతో కాదు.